పసుపు గుడ్డ మీద బంగారం

పోయిన వారం మనం రాగిణిని మద్రాసు సౌకార్‌పేటలో, వీరరాఘవులు తాళిబొట్ల అంగడి మేడ మీద, కంప్యూటరు ముందు నోట మాట రాకుండా కూర్చోబెట్టి వచ్చేశాం. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది. తెర మీద ఈపో నుంచి వచ్చిన ఈ-మెయిలు కూడా అలాగే ఉంది. రాసింది ఏకాంబరం. మలేసియాలో తాతల నాడే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తాళిబొట్లు అమ్మే పెద్దమనిషి. అంగడి పంపిన ఫొటోలన్నీ చూసి, ఆయన ఎంతో మర్యాదగా ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మీరు వెండి తాళిబొట్లు చేయడం ఎప్పటి నుంచి మొదలుపెట్టారు, అని.

ఈ కథలోకి కొత్తగా అడుగుపెట్టిన వారి కోసం రెండు ముక్కలు. వీరరాఘవులు గారిది తాళిబొట్ల టోకు వ్యాపారం. ఒక్కో ఇంటివారికి ఒక్కో రకం బొట్టు ఉంటుంది. ఒకరికి ఆకులా ఉంటే ఇంకొకరికి శంఖంలా ఉంటుంది. ఒకరి బొట్టు మరొకరికి ఇస్తే పెళ్ళి పీటల మీదే గొడవైపోతుంది. ఏ ఇంటికి ఏది అన్నది వీరరాఘవులు గారికి నోటికి వచ్చు. ఆయన పోయాక కొడుకు అమరనాథ్ ఆ బొట్లన్నిటికీ ఫొటోలు తీయించి, ఒక సీడీలోకి ఎక్కించి, దేశదేశాలకు పంపాలని తలపెట్టాడు. సింగపూరు నుంచి తకేరా అనే డిజిటల్ కెమెరా తెప్పించాడు. దాన్ని నడపడానికి రాగిణిని పెట్టుకున్నాడు.

రాగిణి కోడంబాక్కం మనిషి. సినిమా స్టూడియోల్లో స్టిల్ ఫొటోగ్రాఫరుగా తల నెరిసిపోయిన త్యాగరాజు కూతురు. నాన్న దగ్గరే పని నేర్చుకున్న సుందరాన్ని పెళ్ళాడింది. పెళ్ళయ్యాక నాన్న సొంత ఫొటో స్టూడియో బోర్డు మీద సుందరం పేరెక్కింది. చీకటి గదిలో ఆమె కడిగి తీసిన ఫొటోలన్నిటి వెనకా అతని పేరే ముద్ర పడింది. ఒకసారి మెళ్ళో బొట్టు రేకు, ఫొటోలు పెద్దవి చేసే ఎన్‌లార్జరు పళ్ళచక్రంలో చిక్కి వంగిపోతే, పటకారుతో సరిచేసుకుని మళ్ళీ పనిలో పడింది. ఆ రోజు తీసిన ఫొటోకి బహుమతి వచ్చింది. తీసుకున్నది సుందరం. అడిగితే, ఎవరి పేరైతే ఏముంది, ఇల్లు ఒకటేగా అన్నాడు. ఆ మాట విన్నాక ఆమె తాళి తీసి ఆ ఇంటి దేవుడి గూట్లో పెట్టి, నాన్నను వెంటబెట్టుకుని బయటికి వచ్చేసింది. ఈ సంగతి అంగట్లో ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇప్పుడీ సీడీ చివర ‘ఫొటోలు: రాగిణి’ అని వేస్తానని అమరనాథ్ మాట ఇచ్చాడు. ఆమెకు ఆ రెండు మాటలు జీతం కంటే ఎక్కువ. ఆ రెండు మాటలకే ఇప్పుడు ఎసరొచ్చింది.

అమరనాథ్ చెడ్డవాడు కాదు. చిక్కంతా అక్కడే ఉంది. చెడ్డవాడైతే నాలుగు దులిపేసి బీచ్ స్టేషనుకు నడిచిపోవచ్చు. ఇతను మంచివాడు, ఉత్సాహవంతుడు, పైగా పత్రికలు చదువుతాడు. ఫొటోలు పాలిపోయినట్టు వస్తున్నాయని తెలిసిన నాటి నుంచి రోజుకో మందు వేస్తున్నాడు. కరెంటు సరిగా లేదని స్టెబిలైజరు కొన్నాడు. ట్యూబులైట్లు మార్చాడు. కంప్యూటరు తెర మార్చాడు. వచ్చే ఏడాది రెండువేలు వస్తే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయంటున్నారు కదా, ఇప్పటి నుంచే దానికి నలత మొదలైందేమోనని ఒక రోజంతా అనుమానపడ్డాడు. ఎవరో చెప్పారని బల్లను తూర్పు గోడ నుంచి ఉత్తరపు గోడకు జరిపించాడు. బల్ల జరిగింది కానీ బంగారం రంగు తిరిగి రాలేదు.

రాగిణికి మాత్రం తల పగిలిపోతోంది. ఫిల్ముతో ఆమెకు చిన్నప్పటి నుంచి పరిచయం. ఫిల్ము తప్పు చేస్తే ఎక్కడ చేసిందో వాసన పట్టి చెప్పగలదు. ఈ డిజిటల్ కెమెరా అలా కాదు. ఇంట్లో నాన్న ఇత్తడి కుందిని తీస్తే ఇత్తడిలాగే తీసింది. నాన్న ముఖాన్ని తీస్తే గడ్డం మాసిన సంగతితో సహా ఉన్నదున్నట్టు చూపింది. అంగడికి తెచ్చి మేలిమి బంగారాన్ని దాని ముందు పెడితే మాత్రం తగరపు రేకు చేసి చూపిస్తోంది. తనంటేనే దానికి గిట్టదా అన్నంత విసుగొచ్చింది.

ఈ-మెయిలు చదివిన అమరనాథ్ చేతిలో పత్రికతోనే మేడెక్కాడు. అందులో కెమెరాల పేర్లు, వాటి పక్కన నక్షత్రాలు ఉన్నాయి.

“అక్కా, మీ చేతిలో తప్పేం లేదు. కంపెనీదే తప్పు. తకేరాకు మూడు నక్షత్రాలే ఇచ్చుండారు, ఓర్లెన్‌కు అయిదు. శేషాద్రి సార్‌ను పిలిచేసినా. ఈ పొద్దే తెస్తా ఉండాడు,” అన్నాడు.

“నక్షత్రాలు ఇచ్చినాయన తాళిబొట్టు తీసి చూసినాడా అమర్?”

“అది రాయలేదు.”

రాగిణి ఊపిరి బిగపట్టి, ఇదివరకు చెప్పిందే మళ్ళీ చెప్పింది. తకేరా బొట్టుకు రెండు వేళ్ళ దూరం దాకా వెళ్ళి చూస్తుంది. ఓర్లెన్ జానెడు దూరంలోనే ఆగిపోతుంది. బొట్టు వెనక గింజంత ఉండే అంగడి ముద్రను తకేరా చదివి పెడుతుంది, ఓర్లెన్‌కు అది చుక్కలా కనిపిస్తే గొప్ప. కొన్న మెమరీ కార్డులు దానికి పట్టవు. దగ్గరి ఫొటోల కోసం తెప్పించిన లెన్సు దాని మూతికి ఎక్కదు. అన్నీ కొత్తగా కొనాలి, పని మొదటి నుంచి చేయాలి, ఏకాంబరం శుక్రవారం లోపల ఫొటోలు అడుగుతున్నాడు. అమరనాథ్ అంతా శ్రద్ధగా విన్నాడు. విని, నిజమేనక్కా, కానీ రంగే లేకపోతే మిగతావన్నీ ఎందుకు అన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. మంట పుట్టించింది కూడా అదే.

అంతలో మౌంట్ రోడ్డు కెమెరాల అంగడి శేషాద్రి రానే వచ్చాడు. నుదుటన విభూతి, చంకలో ఓర్లెన్ పెట్టె, నోట్లో తమిళం కలిసిన తెలుగు. కూర్చోకుండానే మొదలుపెట్టాడు. తకేరా తను తీసుకుంటాడు, బదులుగా ఓర్లెన్ ఇస్తాడు. పని ముగిసే దాకా తన స్టూడియో ఆపరేటరు ఇక్కడికే వచ్చి ఫొటోలు తీసిపెడతాడు. ఆ ఆపరేటరు కోడంబాక్కంలో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్న చెయ్యి. ఈ ఏర్పాటుకు ప్రత్యేకంగా పైసా ఇవ్వనక్కర్లేదు. ఆపరేటరు కింద బండి దగ్గర సామాను దించుతున్నాడు, సరే అంటే వెంటనే పైకి వస్తాడు.

ఇన్ని చెప్పినవాడు ఇక్కడ ఇప్పటికే ఒక మనిషి ఉంది కదా, ఆమె ఏమవుతుంది అన్న మాట మాత్రం ఎత్తలేదు. రాగిణి వైపు చూసి, అమ్మగారు కంప్యూటరు పని చూసుకోవచ్చు అన్నాడు. ఆ ‘అమ్మగారు’ అన్న మాట ఆమె చెవిలో ఈగలా తిరిగింది.

తన ఆపరేటరు తీసిన నమూనా ఫొటోలు కూడా బల్ల మీద పరిచాడు. ఉంగరాలు, జుంకీలు, వడ్డాణం. చూడముచ్చటగా ఉన్నాయని ఒప్పుకోక తప్పలేదు. ప్రతి నగకూ ఎడమ అంచున చిన్న ముక్కోణపు మెరుపు ఒకటి ఉంది. పగిలిన జేబు అద్దం ముక్క పెట్టి తెప్పించే మెరుపు అది. త్యాగరాజు ఇన్నేళ్ళూ జేబులో గుడ్డకు చుట్టి మోసిన అద్దం ముక్క రాగిణికి గుర్తొచ్చింది. ఒక్క క్షణం మనసు అక్కడ ఆగింది. నాన్న దగ్గర నేర్చుకున్నవాళ్ళు మద్రాసులో వీధికొకరు ఉంటారు, ఎవరో ఒకరు అనుకుని ఫొటోలు పక్కకు నెట్టేసింది. అప్పుడే కొంచెం నిదానించి చూసి ఉంటే ఈ వారం కథ ఇంకోలా ఉండేది.

“మాటలు ఎందుకు సార్. ఈడనే తీసి చూద్దాం. మీ కెమెరా, మా కెమెరా, ఒకే బొట్టు,” అంది.

శేషాద్రి సంతోషంగా ఒప్పుకున్నాడు. బల్ల మీద ఎప్పటిలాగే పసుపు గుడ్డ పరిచి ఉంది. అమరనాథ్ తల్లి అలివేలుమంగ రోజూ పొద్దున్నే స్నానం చేసి, గుడ్డను పసుపులో ముంచి, పిండుకుని తెచ్చి, బల్ల నిండా పరిచి వెళ్తుంది. బొట్టు దాని మీదే పెట్టాలి. మొదటి రోజు నుంచీ అంతే. ఈ ఇంటి ఆచారం కాబోలు అనుకుని రాగిణి ఎన్నడూ కాదనలేదు. తెల్ల కాగితం మీద తాళి పెడితే బాగుండదు, నల్ల గుడ్డ అసలే పనికిరాదు. పసుపు అంటే అందరికీ శుభమే కదా. ఆ గుడ్డ బల్లలో ఒక భాగం అయిపోయింది. ట్యూబులైట్లను అనుమానించారు, కరెంటును అనుమానించారు, దిక్కుల్ని కూడా అనుమానించారు. ఆ గుడ్డను మాత్రం ఎవరూ అనుమానించలేదు.

ముందు తకేరాతో తీశారు. తెర మీద తగరం. శేషాద్రి అయ్యో అన్నట్టు తల ఊపి ఓర్లెన్‌ను స్టాండు మీదికి ఎక్కించాడు. తీశాడు. తెర మీద బొమ్మ మెల్లగా పై నుంచి కిందికి విప్పుకుంటూ వచ్చింది. ముగ్గురూ ముందుకు వంగారు. అయిదు నక్షత్రాల ఓర్లెన్ బంగారాన్ని తగరంగా కూడా చూపలేదు. నీలం చాయ కలిపి, వానలో తడిసిన ఇనుప మేకులా చూపింది.

శేషాద్రి ట్యూబులైట్ల తప్పు అన్నాడు. అమరనాథ్ కంప్యూటరుకు తగిలించిన తీగ తప్పేమో అన్నాడు. ఇద్దరూ బల్ల కింద దూరి తీగలు కదిలించడం మొదలుపెట్టారు. రాగిణికి ఇద్దరినీ అక్కడే ఉంచి తలుపు గొళ్ళెం పెట్టేయాలనిపించింది. చేయడానికి ఏమీ లేక ఆ నీలి బొమ్మనే చూస్తూ కూర్చుంది. బొట్టును సరిచేయబోయిన తన బొటనవేలు బొమ్మ మూలన పడింది. అది కూడా నీలంగా ఉంది, ప్రాణం లేని మనిషి వేలులాగా.

బంగారం రంగు ఓర్లెన్‌కు రాదు, తకేరాకు రాదు. సరే. మనిషి వేలు రంగు కూడా రాదా?

ఆమె తన వేలు చూసుకుంది. వేలి కొస పచ్చగా ఉంది. ఇంకా తడి ఆరని గుడ్డ నుంచి పసుపు అంటుకుంది. మళ్ళీ తెర చూసింది. ఇన్నాళ్ళుగా అందరూ బొట్టును చూశారు, బొట్టు కింద ఏముందో ఎవరూ చూడలేదు. కళ్ళు చెదిరేంత పచ్చగా ఉన్న గుడ్డ, తెర మీద ఉతికి ఆరేసిన పాత పంచెలా తెల్లగా ఉంది.

ఫిల్ముకు సొంత తెలివి లేదు. ముందు ఏముంటే అది మింగుతుంది. ఈ డిజిటల్ కెమెరాకు తెలివి ఎక్కువ. బొమ్మ నిండా పసుపే కనిపించేసరికి, ఇక్కడి వెలుతురే పసుపుగా ఉంది కాబోలు, సరిచేద్దాం అనుకుంది. సరిచేసి, గుడ్డలోని పసుపుతో పాటు బంగారంలోని పసుపును కూడా కడిగేసింది. ఏ కంపెనీ కెమెరా తెచ్చినా చేసేది ఇదే. ఇత్తడి కుంది ఎందుకు బాగా వచ్చిందంటే, ఇంట్లో దాని కింద పరిచింది దినపత్రిక.

రాగిణికి నవ్వు రాబోయింది. వెనకే కోపం వచ్చి దాన్ని తోసేసింది. బల్లలు జరిపారు, తెరలు మార్చారు, ఆఖరికి తననే మార్చబోయారు, ఒక గుడ్డ తీయడం చేతకాక.

“అమర్, బయటికి రండి. కెమెరా మార్చబళ్ళేదు. ఈ గుడ్డ తీసేస్తే చాలు,” అంది. ఎందుకో కూడా వివరించింది.

అమరనాథ్ బల్ల కింద నుంచి లేచాడు. ముఖంలో రావలసిన సంతోషం రాలేదు. పత్రికను ఒకసారి చుట్టాడు, విప్పాడు, మళ్ళీ చుట్టాడు. గుడ్డ సంగతి అమ్మది అన్నాడు. అమ్మను అడగాలి అన్నాడు. ఆచారమైతే బొట్టు కింద చిన్న ముక్క ఉంచుదాం, బల్లంతా ఎందుకు, ఇన్నేళ్ళు ఫొటోలు ఎలా తీశారు అని రాగిణి అడిగింది. అడుగుతుండగానే ఆమెకు మెట్ల దగ్గరి గోడ గుర్తొచ్చింది.

మేడ మెట్ల మలుపులో వీరరాఘవులు గారి నాటి ఫొటోలు చట్రాలు కట్టి ఉన్నాయి. పాత ఫొటోగ్రాఫరు ఎవరో తీసిన తాళిబొట్లు. రోజూ వాటిని రాసుకుంటూనే ఎక్కుతుంది, దిగుతుంది. ఆమె గబగబా వెళ్ళి చూసింది. అన్నీ నీలం కాగితం మీద పెట్టి తీసినవే. ఒక్కదాని కింద కూడా పసుపు గుడ్డ లేదు.

తిరిగి వచ్చి అమరనాథ్ ఎదురుగా నిలబడింది. “ఇది మీ ఆచారం కాదు గదా?”

అతను పత్రికను ఇంకా గట్టిగా చుట్టాడు. శేషాద్రి ఇంటి గొడవ వాసన పసిగట్టి, మా ఆపరేటర్ని పైకి పిలుచుకొస్తాను, అతను వస్తే అన్నీ సర్దుకుంటాయి అంటూ కిందికి జారుకున్నాడు. అతను దిగుతున్న మెట్ల మీదే అలివేలుమంగ ఎక్కి వస్తోంది. చేతిలో ఇత్తడి పళ్ళెం, అందులో ఆ పూట తీయవలసిన బొట్లు. వయసు మళ్ళినా చకచకా నడిచే మనిషి. నుదుట బొట్టు లేదు. వేళ్ళు బొట్లకు తగలకుండా పళ్ళేన్ని కూడా అడుగు నుంచే పట్టుకుంది.

“పెద్దమ్మా, ఈ గుడ్డ ఈ ఇంట్లో ఎప్పటి నుంచి ఉండాది?” అని రాగిణి అడిగింది.

“మా ఆయన పొయ్యినప్పటి నుంచి.”

“ఫొటోల కింద?”

అలివేలుమంగ కొడుకు ముఖం చూసింది. అక్కడ ఆమెకు కావలసిన సాయం దొరకలేదు.

“నువ్వొచ్చినప్పటి నుంచి,” అంది.

రాగిణి బల్ల మీది గుడ్డను చూసింది. పొద్దున్నే బీచ్ స్టేషన్లో దిగి, బండ్లనూ మూటలనూ తప్పించుకుంటూ నడిచి వచ్చి, ఇంట్లో మనిషిలా కాఫీ తాగి కూర్చునే ఈ బల్ల మీద, ఇన్నాళ్ళూ తన చేతికీ బంగారానికీ మధ్య ఒక గుడ్డ పరిచి ఉంది. అది శుభం కోసం అనుకుని తనే రోజూ ముడతలు లేకుండా సవరించింది కూడా. సిగ్గూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

“నా మెళ్ళో తాళి లేదు గాబట్టి. నా చెయ్యి తగిలితే పెండ్లికూతుండ్ల బొట్లు మైలపడతాయని. అంతే గదా పెద్దమ్మా? ఆ మాట మొదటి దినమే చెప్పుంటే, నాకూ మీకూ ఇంత కష్టం లేకుండా పొయ్యేది.”

అలివేలుమంగ పళ్ళేన్ని బల్ల చివర పెట్టింది. పైట చెంగు ముడి విప్పి, అందులో నుంచి మడత పెట్టిన పసుపు గుడ్డ ముక్క తీసింది. దాన్ని బల్ల మీది గుడ్డ అంచుకు తెచ్చి ఆనించింది. రెండింటి చిరుగూ ఒకదానితో ఒకటి సరిగ్గా కలిసింది. రెండింటికీ అదే సన్నని ఎర్ర చార ఉంది. ఒకే చీర.

“ఇది నాది మే. నీకు పరిచింది దీంట్లో సగం,” అంది.

అప్పుడు చెప్పింది. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ అంగట్లో ప్రతి బొట్టూ ఆమె చేతి మీదుగానే బయటికి పోయేది. అంచు గీరుకుంటుందా, కొక్కెం గట్టిగా ఉందా అని వేలితో తడిమి చూసి పంపేది. వీరరాఘవులు పోయి కర్మ ముగిసిన రోజు బంధువులంతా కూర్చుని, ఇక అంగట్లోకి రావద్దన్నారు.

“బొట్లు ముట్టబాక, కొనేవాళ్ళకు తెలిస్తే వ్యాపారం పోతాది అన్నారు. నాకు ఇది తప్ప ఇంకేం తెలుసు? చీర చించి, పసుపులో ముంచి, దీంతో పట్టుకుంటా, నా చెయ్యి తగల్దు అన్నా. ఇంక వాళ్ళకు మాట లేదు. అట్లనే కూర్చున్నా ఈడ. నువ్వొచ్చిన దినం నీ మెడ చూసినా. బొట్లు అమ్ముకుని తినేవాళ్ళం, మెడ చూడకుండా ఉంటామా? రేపు ఎవరో ఒకరు వచ్చి అంటారు. అనే లోపలే గుడ్డ వేసేస్తే ఎవరూ నోరెత్తేదానికి ఉండదు అనుకున్నా. అంతే మే. సుమ్మా ఊరికే ఏదో మైల అని కాదు.”

“నాకు చెప్పుండొచ్చు గదా.”

“చెప్తే నువ్వు ఉండేదానివా?”

రాగిణి ఆలోచించింది. ఉండేది కాదు. ఆ సాయంత్రమే వెళ్ళిపోయేది. కోపం పోలేదు, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో తెలియకుండా పోయింది. తనను దూరం పెట్టిన గుడ్డా, తన కోసం చించిన గుడ్డా ఒకటే అయినప్పుడు మనిషి ఏం చేస్తుంది? ఆమెకు ఏడుపు వచ్చింది. దాన్ని దాచుకోలేదు.

“మీ గుడ్డ వల్ల ఈపోలో మన బంగారం వెండి అయిపొయ్యింది పెద్దమ్మా,” అంది కళ్ళు తుడుచుకుంటూ. పసుపు చేత్తో తుడుచుకున్నందువల్ల చెంపలు కూడా పచ్చబడ్డాయి.

సంగతి అర్థమయ్యాక అలివేలుమంగ తెర వైపు చూసింది. “మా వాళ్ళ నోరు మూసేదానికి వేస్తే, ఇది కెమెరా కన్ను గూడా మూసేసిందా,” అంది. తర్వాత ఎవరినీ అడగలేదు. బల్ల మీది గుడ్డను రెండు చేతులా తీసి మడిచింది. తన ముక్కను దాని మీద పెట్టింది. రాగిణి బూడిదరంగు అట్ట పరిచేదాకా ఆగి, పళ్ళెంలో నుంచి శంఖం బొట్టు ఒకటి తీసి అట్ట మధ్యలో పెట్టింది. ఒట్టి చేత్తో తీసింది. పెట్టాక కూడా వేలు వెంటనే వెనక్కు తీసుకోలేదు. అంచు చుట్టూ ఒకసారి తడిమి చూసింది.

“గీరుకుంటాది. కంసాలికి చెప్పు,” అంది కొడుకుతో. అమరనాథ్ తల ఊపాడు.

రాగిణి తకేరాను బొట్టుకు రెండు వేళ్ళ దూరానికి దించి తీసింది. తెర మీద బొమ్మ మెల్లగా విప్పుకుంది. ముందు బూడిదరంగు అట్ట, తర్వాత శంఖం చుట్టు, తర్వాత దాని కొస. బంగారం. పళ్ళెంలో ఎలా ఉందో తెర మీద అలాగే, వెచ్చగా, బరువుగా. మాట కోసం ఓర్లెన్‌తో కూడా తీసింది. అదీ బంగారమే చూపింది, కాకపోతే జానెడు దూరం నుంచి, మసకగా. అమరనాథ్ తన చేతిలోని పత్రికను తీసుకెళ్ళి కిటికీ రెక్క కొట్టుకోకుండా సందులో దోపాడు.

“అక్కా, తకేరానే ఉండనీ. శేషాద్రి సార్‌కు నేను చెప్పేస్తా. సీడీ చివర మీ పేరు పెద్ద అక్షరాల్లో వేయిస్తా,” అన్నాడు.

రాగిణి వెంటనే పనిలో పడింది. ఇన్నాళ్ళ విసుగంతా వేళ్ళలో హుషారుగా మారింది. అలివేలుమంగ ఒక్కో బొట్టూ అందిస్తుంటే, ముందు వైపు ఒకటి, తిప్పి వెనక ముద్రకు ఒకటి తీసుకుంటూ పోయింది. ఆకు బొట్టు. జంట బొట్టు. తర్వాత రేకుల పువ్వులా ఉన్న ఒక పాత బొట్టు. అది కొంచెం అరిగి ఉంది. ముందు వైపు తీసి, అలవాటుగా తిప్పి, వెనక తీసింది.

తెర మీద ముద్ర వచ్చింది. ముద్ర కింద, కుడి రేకు అంచున, సన్నని గాట్లు వరసగా వచ్చాయి. ఒట్టి కంటికి గీతలా కూడా కనిపించవు. తకేరా మాత్రం వాటిని వేటికవి విడివిడిగా చూపింది. పటకారు పళ్ళ గాట్లు. పళ్ళచక్రంలో వంగిన రేకును తనే ఒకనాడు తొందరలో, చీకటి గదిలో సరిచేసిన గుర్తు.

రాగిణి మీట మీద నుంచి చెయ్యి తీసింది. “పెద్దమ్మా, ఇది ఈ పళ్ళెంలోకి ఎట్ల వచ్చింది?”

“అదా. శేషాద్రితో వచ్చినాడే ఆ కెమెరా ఆయన, ఇందాక అంగట్లో ఇచ్చినాడు. పాత రకం, మీ వరసలో లేదు, పెట్టండి, ఫొటో తీసే ఆమెకు తెలుసు అన్నాడు. ఏం మే, ఎట్లనో ఉండావు?”

బల్ల పక్కన నమూనా ఫొటోలు పడి ఉన్నాయి. ప్రతి నగకూ ఎడమ అంచున ముక్కోణపు మెరుపు. నాన్న అద్దం ముక్క. కోడంబాక్కంలో పెద్దవాళ్ళ దగ్గర నేర్చుకున్న చెయ్యి. తకేరా పోయి ఓర్లెన్ వస్తే ఈ బల్ల ముందు కూర్చోవలసిన మనిషి.

మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. శేషాద్రిది ఒకటి. దాని వెనక, ఒక్కో మెట్టు దగ్గరా ఆగి చట్రాలు కట్టిన ఫొటోలు చూసుకుంటూ, తొందర లేకుండా ఎక్కుతున్నది ఇంకొకటి. ఆ నడక ఆమెకు తెలుసు. సుందరం నడక.

రాగిణి అట్ట మీది బొట్టును ముట్టుకోలేదు. అలివేలుమంగ వైపు చెయ్యి చాచింది.

“పెద్దమ్మా, ఆ గుడ్డ ఒక్కసారి ఇట్లివ్వండి. దీన్ని మాత్రం నేను ఒట్టి చేత్తో పట్టుకోను.”